ఏ వీధి పిల్లలు ఏ బడికి: బరంపురంలో పాఠశాలల చోటు లెక్క, పరిధుల గీత

కొన్నేళ్ల కిందట, తెలుగువారు కూడా ఉండే ఒడిశాలోని మా వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి తెలుగు విభాగానికి ఏటా పద్నాలుగు మంది దాకా పిల్లలు వచ్చేవారు. బడి ఇరుకైందని కొంత దూరంలో మరో భవనం తెరిచి, ఒక వీధి నడిమధ్యగా పరిధి గీశారు. ఆ ఏడు వీధికి ఇటువైపున్న ఎనిమిది మంది పాత బడిలోనే ఉండిపోయారు, అటువైపున్న ఆరుగురు కొత్త బడిలో చేరారు. తరగతికి పది మంది లేరన్న కారణంతో రెండు చోట్లా తెలుగు చెప్పే ఉపాధ్యాయుడు లేకుండా పోయాడు. గీత గీసినవారికి తెలుగు మీద ద్వేషమేమీ లేదు. వారి ముందున్న పటంలో వీధులున్నాయి గాని, ఏ ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, ఏ తరగతి ఈడు పిల్లలు ఎంతమంది ఉన్నారో అందులో లేదు.

అలాంటి గీత మళ్లీ పడకుండా ఉండాలంటే లెక్క ఎలా కట్టాలో, పరిధి ఎలా గీయాలో పాఠశాల నిర్వహణ కమిటీ సభ్యులకు, కార్పొరేటర్లకు, ప్రధానోపాధ్యాయులకు పనికివచ్చేలా ఇక్కడ వివరిస్తున్నాను. బరంపురాన్ని కళ్లముందు పెట్టుకొని రాస్తున్నా, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాలకూ ఈ పద్ధతి సరిపోతుంది.

చట్టం చెప్పే దూరాలు, సంఖ్యలు

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం కింద రూపొందిన నియమాల ప్రకారం 1 నుంచి 5 తరగతుల పిల్లలకు నివాసం నుంచి నడిచి వెళ్లగలిగేలా ఒక కిలోమీటరు లోపల, 6 నుంచి 8 తరగతుల పిల్లలకు మూడు కిలోమీటర్ల లోపల పాఠశాల ఉండాలి. తన పరిధిలో నివసించే పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరి వివరాలు నమోదు చేసి ఉంచవలసిన బాధ్యతను చట్టంలోని తొమ్మిదో సెక్షన్ స్థానిక సంస్థ మీద పెట్టింది. నగరంలో ఆ స్థానిక సంస్థ నగరపాలక సంస్థే కనుక, పిల్లల లెక్క అడిగినప్పుడు అది విద్యాశాఖ పని అని చెప్పి పంపించే వీలు దానికి లేదు.

ఇక్కడ ఒక సంగతి మొదటే తేల్చుకోవాలి. మన చట్టంలో పరిధి అనేది ప్రభుత్వానికి పెట్టిన హద్దే గాని పిల్లవాడికి పెట్టిన కంచె కాదు. ఈ వీధి పిల్లలకు ఈ బడిలో చోటు సిద్ధంగా ఉంచాలని అది ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది. నీ ఇల్లు గీతకు అవతల ఉంది కనుక నిన్ను చేర్చుకోము అనడానికి దాన్ని వాడకూడదు. గడువు దాటి వచ్చిన పిల్లలకు సైతం ప్రవేశం నిరాకరించరాదని పదిహేనో సెక్షన్ చెబుతుంది.

భాష విషయంలో మరో రెండు ఆధారాలున్నాయి. 1956లో ఏడో సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన ఏర్పాట్లు చేయడానికి ప్రతి రాష్ట్రమూ, రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని చెబుతుంది. స్థానిక సంస్థను పేరెత్తి చెప్పిన ఆ మాటను మనవాళ్లు తరచు మరచిపోతారు. రెండోది, 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకొన్న సూత్రం: ఒక తరగతిలో పది మంది గాని, మొత్తం బడిలో నలభై మంది గాని ఆ భాష పిల్లలుంటే కనీసం ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి గంజాం ప్రాంతం మద్రాసు నుంచి విడివడిన నాటి నుంచి ఇక్కడి తెలుగువారికి ఇలాంటి సంఖ్యలే గట్టి ఊతం. పరిధి గీసేటప్పుడు పది, నలభై అనే ఈ రెండు అంకెలను పటం పక్కనే రాసి పెట్టుకోవాలి.

భవనంలో చోటు: కాగితం మీద కాదు, టేపుతో

బడి వివరాలు ప్రభుత్వానికి పంపే యూడైస్ పత్రంలో రాసిన గదుల సంఖ్యను చోటు లెక్కగా తీసుకోకూడదు. ఒక బడిలో రికార్డు ప్రకారం ఎనిమిది గదులున్నాయి. టేపు పట్టుకొని తిరిగితే ఒక గదిలో మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు, వాటి పక్కన కాళ్లు పైకి పెట్టి పేర్చిన విరిగిన బెంచీలు ఉన్నాయి. మరొకటి కార్యాలయం. మూడోదాని పైకప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఆ చువ్వల కింది బెంచీ ఖాళీగా వదిలేసి మిగిలిన మూలల్లో ఒదిగి కూర్చున్నారు. చదువుకు పనికివచ్చే గదులు ఐదే.

ప్రతి గది లోపలి పొడవు, వెడల్పు కొలిచి రాయాలి. సీబీఎస్ఈ తన బడులకు గది కనీసం 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉండాలనీ, పిల్లవాడికి ఒక చదరపు మీటరు నేల ఉండాలనీ అంటుంది. ప్రభుత్వ బడులకు ఆ నియమం వర్తించకపోయినా, కొలతకు అది మంచి గీటురాయి. ఆరు మీటర్ల పొడవు, ఐదున్నర మీటర్ల వెడల్పు ఉన్న గది 33 చదరపు మీటర్లు. ఉపాధ్యాయుడి బల్ల, బీరువా, తలుపు తెరుచుకునే జాగా తీసేస్తే ముప్పై మంది పడతారు. ఐదు గదులకు 150.

అయితే గదులొక్కటే చోటు కాదు. చట్టం షెడ్యూలు ప్రకారం 1 నుంచి 5 తరగతుల్లో అరవై మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు ఉపాధ్యాయులుండాలి. 150 దాటితే ప్రధానోపాధ్యాయుడు అదనం. ఆ బడిలో ఉన్నది నలుగురు కనుక ఉపాధ్యాయుల లెక్కన చోటు 120. నలభై మందికి ఒక మరుగుదొడ్డి యూనిట్ అన్న స్వచ్ఛ విద్యాలయ ప్రమాణం ప్రకారం వాడుకలో ఉన్న మూడు యూనిట్లకు కూడా 120 మందే. గదులు, ఉపాధ్యాయులు, మరుగుదొడ్లు, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే బడి అసలు చోటు. ఆ బడిలో చేరి ఉన్నవారు 163 మంది. మూడు అంకెలనూ విడివిడిగా రాస్తేనే ఏది కొరతో తెలుస్తుంది. గది లేకపోతే కట్టాలి, ఉపాధ్యాయుడు లేకపోతే నియమించాలి; ఈ రెండు కోరికలూ వేరు వేరు బల్లల మీదికి వెళతాయి.

మొత్తం సంఖ్య సరిపోయినా తరగతుల వారీగా సరిపోకపోవచ్చు. ఒకటో తరగతిలో 42 మంది, ఐదో తరగతిలో 18 మంది ఉంటే ఐదో తరగతి గదిలో ఖాళీగా ఉన్న పన్నెండు చోట్లు ఒకటో తరగతికి అక్కరకు రావు. రెండు మాధ్యమాలున్న బడిలో ఈ చిక్కు మరింత ముదురుతుంది. ఒడియా, తెలుగు మాధ్యమాల్లో ఐదేసి తరగతులంటే పది విభాగాలు. ఒక్కో విభాగంలో పదిహేను మందే ఉన్నా మొత్తం 150 మంది. గదులు మాత్రం పది కావాలి. పిల్లల సంఖ్యను గదుల సంఖ్యతో భాగించి చూసే అధికారికి ఐదు గదులు చాలుననిపిస్తుంది. ఫలితంగా ఒకే గదిలో ఒడియా రెండో తరగతి ఒక గోడకు, తెలుగు రెండో తరగతి ఎదుటి గోడకు తిరిగి కూర్చుంటాయి, ఇద్దరు ఉపాధ్యాయులు ఒకరిని మించి ఒకరు గొంతెత్తి చెబుతుంటారు. రెండు మాధ్యమాల బడికి చోటు లెక్క విభాగాలను బట్టి కట్టాలి. కమిటీ ఇచ్చే వినతిపత్రంలో మొదటి వాక్యం ఇదే కావాలని నా గట్టి అభిప్రాయం. గదులు దొరకని చోట తెలుగు విభాగంలో రెండు తరగతులను కలిపి ఒకే ఉపాధ్యాయుడు చెప్పే ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ గదిని మాత్రం వేరే భాష విభాగంతో పంచుకోకూడదు.

మేడ మీద తరగతులుంటే మెట్ల వెడల్పు కూడా కొలవాలి. జాతీయ భవన నిర్మాణ స్మృతి విద్యాసంస్థల మెట్లకు కనీసం 1.5 మీటర్ల వెడల్పు ఉండాలంటుంది. 2004 జూలై 16న కుంభకోణంలో ఒక పాఠశాల తగలబడి 94 మంది పిల్లలు చనిపోయారు. ఇరుకు భవనంలో పై అంతస్తులో చిక్కుకున్న చిన్నపిల్లలు వారు. చిన్న తరగతులను కింది అంతస్తులోనే ఉంచాలి. అలా ఉంచగలిగినంత మందే ఆ బడిలో చిన్న తరగతుల చోటు అని రాసుకోవాలి.

మన తీరంలో తుఫాను మాట కూడా ఉంది. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి, గంజాం జిల్లాలను ముంచెత్తింది. రేకుల కప్పున్న గదులను చోటు లెక్కలో వేరే వరుసలో చూపించి, ముందుగా మార్చవలసినవాటిగా గుర్తించాలి.

రాబోయే ఏళ్ల పిల్లలు

ఇప్పుడున్నవారికి చోటు చూసి ఊరుకుంటే భవనం పూర్తయ్యేసరికి లెక్క మారిపోతుంది. వచ్చే ఏళ్లకు అంచనా కట్టడానికి అన్నిటికంటే సులువైన దారి, ఒక తరగతి పిల్లలు మరుసటి ఏడు పై తరగతిలో ఎంతమంది మిగిలారో చూడడం. పోయిన ఏడు ఒకటో తరగతిలో 50 మంది ఉండి, ఈ ఏడు రెండో తరగతిలో 46 మంది ఉంటే నిష్పత్తి 0.92. మూడు, నాలుగేళ్ల నిష్పత్తుల సగటు కట్టి, దాన్ని ఈ ఏటి సంఖ్యతో గుణించాలి. ఇప్పుడు ఒకటిలో 48 మంది ఉంటే వచ్చే ఏడు రెండులో 44 మంది ఉంటారు. రెండు నుంచి మూడుకు నిష్పత్తి 0.95 అయితే ఆ మరుసటి ఏడు మూడులో 42 మంది. ప్రతి బడికి, ప్రతి తరగతికి, ప్రతి మాధ్యమానికి విడివిడిగా ఇలా కట్టాలి. కరోనా వల్ల బడులు మూతపడిన ఏళ్ల అంకెలను సగటులో కలపకూడదు.

ఒకటో తరగతికి వెనకటి తరగతి లేదు కనుక అంగన్‌వాడీ రిజిస్టర్లు చూడాలి. మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు అక్కడ ఉంటారు కనుక వచ్చే రెండు, మూడేళ్ల అంచనాకు ఆ రిజిస్టరు చాలావరకు నిలుస్తుంది. ఆరేళ్లకు మించిన అంచనాలో ఒకటో తరగతికి వచ్చే పిల్లలు ఇంకా పుట్టనే లేదు. అలాంటి సంఖ్యను నమ్మి గదులు కట్టకూడదు, స్థలం మాత్రం పట్టి ఉంచుకోవచ్చు.

వార్డుల వారీ జనసంఖ్య ప్రచురితమైన చివరి జనగణన 2011 నాటిది. అప్పటికి బరంపురం జనాభా మూడున్నర లక్షలు దాటింది. అప్పటి నుంచి అంబపువా, లొచ్చపడా, అంకులి వైపు కొత్త ఇళ్లు, అపార్ట్‌మెంట్లు లేచాయి. పాత బజారు వీధుల్లో ఇళ్లు దుకాణాలుగా మారాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ల సంఖ్యను బట్టి పిల్లలను ఊహించడం పెద్ద పొరపాటు. ఇప్పటికే జనం చేరిన ఒకటి రెండు భవనాలకు వెళ్లి, ఎన్ని ఫ్లాట్లలో బడి ఈడు పిల్లలున్నారో, వారిలో ఎందరు ప్రభుత్వ బడికి వెళుతున్నారో అడిగి ఆ నిష్పత్తే వాడాలి.

గంజాం నుంచి సూరత్ మగ్గాలకు వెళ్లే కుటుంబాల లెక్క ఇక్కడ తప్పనిసరిగా తీయాలి. తండ్రి ఒక్కడే వెళితే పిల్లలు ఇక్కడే ఉంటారు. కుటుంబమంతా వెళితే పేరు రిజిస్టరులో ఉండి పిల్లవాడు ఉండడు. 2020లోలాగా అక్కడ పనులు ఆగితే అందరూ ఒక్కసారిగా తిరిగివస్తారు. నమోదైనవారు, నెలలో సగటున హాజరైనవారు, ఊరు వదిలినవారు అని మూడు గడులు పెట్టి నింపాలి. ఊరు వదిలినవారి పేర్లు కొట్టివేయకూడదు. వారు తిరిగి వస్తే కూర్చోవడానికి చోటు ఉండాలి.

ఇంటింటి సర్వే ఠాకురాణి యాత్ర జరిగే వారాల్లో పెట్టుకోకూడదు. రెండేళ్లకొకసారి వచ్చే ఆ పండుగకు చుట్టాల పిల్లలతో ఇళ్లు నిండి ఉంటాయి, సూరత్ వెళ్లినవారూ ఊళ్లోనే ఉంటారు. ఆ నెలలో తీసిన లెక్క ఏ నెలకూ సరిపోదు.

సర్వేలో భాషను రెండు ప్రశ్నలుగా అడగాలి. ప్రవేశ పత్రంలో మాతృభాష గడిని చాలాచోట్ల అడగకుండానే ఒడియా అని నింపేస్తారు. తల్లి కూడా పిల్లవాడు వీధిలో ఒడియా బాగా మాట్లాడతాడని అదే చెబుతుంది. ఇంట్లో అమ్మమ్మతో, నాయనమ్మతో ఏ భాషలో మాట్లాడతాడని అడిగితే నిజం బయటపడుతుంది. రెండో ప్రశ్న, ఏ మాధ్యమంలో చదివించాలనుకుంటున్నారని. తెలుగు ఇంటివారిలో ఇంగ్లిష్ మాధ్యమం కోరేవారు, ఒడియాయే కావాలనేవారు ఉన్నారు. వారి కోరికను కూడా ఉన్నదున్నట్టు రాయాలి. అంకెలు పెంచి చూపిస్తే తరవాతి ఏడు ఖాళీ బెంచీలే మనకు ఎదురు సాక్ష్యం చెబుతాయి.

గీత గీయడం

వార్డు హద్దును పరిధిగా తీసుకోవడం సులువు గాని, సరైనది కాదు. వార్డులు ఓటర్ల లెక్కకు గీసినవి, ఎన్నికల ముందు మారుతుంటాయి. వీధిని, మన ఒడియా పొరుగువారు సాహి అనేదాన్ని, లెక్కకు కనీస ముక్కగా తీసుకోవాలి. ప్రతి వీధికి ఒక అంకె ఇచ్చి, తరగతి ఈడు వారీగా, ఇంటి భాష వారీగా, కోరిన మాధ్యమం వారీగా పిల్లల సంఖ్య ఒక పట్టికలో రాయాలి. పటం గీయడానికి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ వంటి సాఫ్ట్‌వేర్ ఉంది. అది రానివారు పెద్ద కాగితం మీద రంగు పెన్సిళ్లతో గీసినా పని జరుగుతుంది.

దూరాన్ని పటం మీద స్కేలు పెట్టి కొలవకూడదు. హౌరా–చెన్నై రైలు మార్గం మన నగరం మీదుగా వెళుతోంది, 16వ నంబరు జాతీయ రహదారి అంచునే ఉంది. నేరుగా చూస్తే అరకిలోమీటరు లేని బడికి వెళ్లడానికి గేటు దాకా తిరిగి నడవవలసి వస్తుంది, గేటు పడితే ఆగాలి. బడి గంటకు ముందు ఒక ఆరేళ్ల పాప చెయ్యి పట్టుకొని ఆమె అడుగులతో ఆ దారిన నడిచి, సమయం రాసుకోవాలి. వానాకాలంలో మరోసారి నడవాలి. కాలువ పొంగి దారి మునిగే చోటు ఉంటే, కిలోమీటరు హద్దును అక్కడ తగ్గించుకొనే వీలు నియమాల్లోనే ఉంది. జనం కిక్కిరిసిన చోట ఒకటికి మించి బడులు పెట్టవచ్చన్న మాట కూడా అందులోనే ఉంది; బజారు వీధుల కమిటీలు దాన్ని ఎత్తిచూపాలి.

ఇప్పుడు పట్టికలోని వీధులను బడులకు పంచుతూ కనీసం మూడు రకాల గీతలు గీసి చూడాలి. ప్రతి దానికీ బడిలో చోటు ఎంత, ఐదేళ్ల తరవాత పిల్లలెందరు, కిలోమీటరు దాటి నడిచేవారెందరు, రైలు మార్గమో పెద్ద రోడ్డో దాటేవారెందరు అన్న అంకెలు పక్కన రాయాలి. ఆ తరవాత తెలుగు పిల్లల సంఖ్య ప్రతి బడిలో తరగతికి పది గాని, బడికి నలభై గాని అయిందా లేదా చూడాలి. రెండు పక్కపక్క వీధుల్లో కలిపి 52 మంది తెలుగు మాధ్యమం కోరేవారుంటే, అవి రెండూ ఒకే పరిధిలో ఉన్నప్పుడు ఉపాధ్యాయుడు వస్తాడు. మధ్యగా గీత పడి 29, 23గా విడిపోయి, ఏ తరగతిలోనూ పది మంది లేకపోతే ఎక్కడా రాడు. పిల్లలు అంతమందే, ఇళ్లు అవే.

అందుకని ఒడియా మాధ్యమానికి గీసిన పరిధినే తెలుగుకూ వర్తింపజేయవలసిన పని లేదు. ఒడియా బడుల గీతల మీద తెలుగు మాధ్యమానికి వేరుగా, రెండు మూడు పరిధులను కలుపుకొనే పెద్ద గీత గీయవచ్చు. దీనికి ఒక హద్దు పెట్టుకోవాలి. మూడో తరగతి లోపు పిల్లలను భాష కోసం రైలు గేటు దాటించడం నాకు సమ్మతం కాదు. అలాంటి చోట పిల్లలను తరలించే బదులు, ఒకే ఉపాధ్యాయుణ్ణి వారంలో సగం రోజులు ఒక బడికి, సగం రోజులు మరో బడికి పంపమని కోరాలి.

ఒక ప్రాథమిక బడి పిల్లలు ఐదో తరగతి తరవాత ఒకే ఉన్నత ప్రాథమిక బడికి వెళ్లేలా కూడా చూడాలి. తెలుగు విభాగం నుంచి వచ్చిన నలుగురు ఒకచోటికి, ముగ్గురు మరోచోటికి చెదిరిపోతే ఐదేళ్లు నిలబెట్టుకున్న సంఖ్య ఆరో తరగతి వాకిట్లో కరిగిపోతుంది.

ప్రకటన, అభ్యంతరాలు, మార్పు

గీత ఖరారు కాకముందే వీధుల పేర్లతో, ఏ వీధి ఏ బడికో రాసిన పట్టికను ఒడియాలోను, తెలుగులోను బడి గోడకు, వార్డు కార్యాలయానికి అంటించాలి. పటం కంటే వీధుల జాబితానే జనం చదువుతారు. నిర్వహణ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలని చట్టం అంటుంది. చేపల బుట్టతో తెల్లవారుజామునే బయలుదేరే తల్లి, మగ్గం దిగని నేతవారి ఇల్లాలు ఉదయం పదకొండింటి సమావేశానికి రాలేరు. సాయంత్రం పెట్టాలి, వీధిలోనే పెట్టాలి.

ఇప్పటికే చదువుతున్న పిల్లలను కదిలించకపోవడం మేలు. కొత్త పరిధి ఒకటో తరగతితో మొదలుపెట్టి, అన్నో అక్కో పాత బడిలో ఉంటే చిన్నవాళ్లను కూడా అక్కడే చేరనివ్వాలి. ఈ సడలింపు వల్ల పాత బడిలో రెండు మూడేళ్లు కొంత ఇరుకు ఉంటుంది. ఆ సంఖ్యను ముందే అంచనాలో కలిపి చూపాలి.

ప్రవేశాలు ముగిసిన నెలలోపు ప్రతి ఏడూ వీధుల పట్టికను కొత్త అంకెలతో తిరిగి రాయాలి. చోటులో తొంభై శాతం నిండిన బడికి అదనపు గది కోరే వినతి ఆ ఏడే పెట్టాలి. తెలుగు విభాగంలో ఏ తరగతిలోనైనా పన్నెండుకు తగ్గితే, పది కోసం ఎదురుచూడకుండా పక్క వీధులు తిరిగి బడి బయట ఉన్నవారిని, ఒడియా అని తప్పుగా నమోదైనవారిని వెతకాలి. పట్టిక ఒక ప్రతి ప్రధానోపాధ్యాయుడి బీరువాలో, ఒక ప్రతి వార్డు కార్యాలయంలో, మూడోది కమిటీలోని ఒక తల్లి ఇంట్లో ఉండాలి. అధికారులు బదిలీ అయి వెళ్లిపోతారు, ఆమె ఆ వీధిలోనే ఉంటుంది.